గోనెపట్టా కింద వెనక టైరు

మోటారు సైకిలు వెనక సీటు మీద కూర్చోవలసి వస్తే ఇంటిల్లిపాదికీ జాగ్రత్తలు చెప్పి మరీ బయలుదేరే మనిషి, మోటారు సైకిలు పందేల లోకంలో చివరి మాట చెప్పగల పెద్దగా పేరు తెచ్చుకోవడం పైకి వింతగా తోస్తుంది గాని, ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. ఈత రానివాళ్ళు గట్టున నిలబడి ఇచ్చినన్ని సలహాలు నీళ్ళలో ఉన్నవాడు ఏనాడైనా ఇచ్చాడా? ఊపిరి పీల్చుకోవడానికే వాడికి తీరిక చాలదు.

ఆ మనిషి నా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త. ఒకే మామగారి ఎదుట ఒకే తీరున బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఇద్దరు మగవాళ్ళ మధ్య పుట్టే స్నేహానికి ఇంతకంటే పొందికైన పేరు మరొకటి దొరకదని నా నమ్మకం. ఇంట్లో ఆయనకు వేరే పేరున్నా ఊరంతా పిలిచేది మాత్రం ‘వెనకచక్రం’ అని. మరొకరైతే ఆ పేరుకు చిన్నబుచ్చుకునేవారు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించాడు.

“ముందు చక్రానిదేముంది అన్నయ్యా, అది దారి చూపిస్తుంది, అంతే. తోసేది వెనకదే,” అనేవాడు.

ఆయన ఉద్యోగం బస్సుల డిపోలో, టైర్ల గోడౌనులో. ఏ టైరు ఇంకా రోడ్డు మీద తిరగగలదో, దేనికి ఇక సెలవు ఇవ్వాలో తేల్చడం ఆయన పని. ఎత్తైన ఆ రేకుల షెడ్డులో మనిషికంటే ఎత్తుగా పేర్చిన టైర్ల మధ్య, కాలిన రబ్బరూ పాత వానా కలిసినట్టుండే ఆ వాసనలో, చెక్క స్టూలు మీద కూర్చుని ఆయన కుడి బొటనవేలి గోరుతో ప్రతి టైరునూ నొక్కి, కళ్ళు మూసుకుని, కాసేపటికి తీర్పు చెప్పేవాడు. నేను బడి పంతులుగా పదవీ విరమణ చేసిన రోజున నన్ను కూడా ఆపాదమస్తకం పరికించి, “పైన అరిగారు గాని లోపల గట్టిగానే ఉన్నారన్నయ్యా,” అన్నాడు. ఆనాటి సన్మాన సభలో నేను విన్న మాటలన్నింటిలోనూ కాస్త నిజాయితీ ఉన్నది అదొక్కటే.

గోరుతో నొక్కే అలవాటు డిపో గేటు దగ్గర ఆగేది కాదు. కూరగాయలూ, కుర్చీల మెత్తలూ, కొత్త చెప్పులూ, ఆసుపత్రిలో చూడబోయిన బంధువు దిండూ అన్నీ ఆ గోటి ముందు హాజరు కావలసిందే. నా మరదలు, అంటే ఆయన ఇల్లాలు, పెళ్ళయిన కొత్తలోనే దీనికి అలవాటుపడిపోయింది. “నన్ను మాత్రం నొక్కి చూడకుండా చేసుకున్నారు బావగారూ, అందుకే ఇప్పటికీ నేనేమిటో ఆయనకి తెలీదు,” అని నాతో అంటూ ఉండేది.

ఇంతకూ ఆ పందెం సంగతి చెప్పాలి. ఊరి మైదానంలో మట్టితో వేసిన కోడిగుడ్డు ఆకారపు బాట. బళ్ళు ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతాయి. మలుపులో వెనక చక్రం అడ్డంగా జారుతుంది. ఆ జారడాన్ని అదుపులో పెట్టుకున్నవాళ్ళు గెలుస్తారు, పెట్టుకోలేనివాళ్ళు కంచె చూసి వస్తారు. జారే ఆ చక్రానికి ఏ టైరు వెయ్యాలన్నదే ప్రశ్న. మెత్తని రబ్బరు తడి నేలను, చల్లని నేలను పట్టుకుంటుంది. ఎండి రాయిలా బిగిసిన వేడి నేల మీదైతే సగం పందేనికే కరిగి చేతులెత్తేస్తుంది. గట్టి రబ్బరు ఆ వేడికి తట్టుకుని చివరిదాకా నిలుస్తుంది గాని, తడిలో వేడెక్కక సబ్బుబిళ్ళలా జారుతుంది. విషయమంతా ఇంతే. ఏడో తరగతి పిల్లలకు నేను దీన్ని ఒక్క పీరియడులో చెప్పి, మిగిలిన సమయంలో పద్యం కూడా అప్పజెప్పించుకోగలను. కానీ ఇంతే అని ఒప్పుకుంటే నిపుణుల గతేమిటి?

అందుకని ఆ మైదానంలో టైరు ఎంపిక ఒక పెద్ద క్రతువుగా ఎదిగింది. పందేనికి ముందు ఎంపికదారులు బాట మీద నడుస్తారు. ఒకాయన మడమతో తన్ని ఆ చప్పుడు వింటాడు. ఒకాయన మట్టి వాసన చూస్తాడు. మరొకాయన, అందరూ ‘మీటరాయన’ అని పిలిచే మనిషి, రబ్బరు గట్టిదనం కొలిచే గుండ్రటి మీటరొకటి మెడలో వేలాడేసుకుని తిరుగుతాడు. మీటరు ఏ అంకె చూపించినా ఆయన తల ఒకేలా పంకిస్తాడు. మా వెనకచక్రం పద్ధతి వేరు. పిడికెడు మట్టి ముద్ద చేసి, భుజం ఎత్తునుంచి వదిలి, అది పగిలిన తీరు చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతాడు. ఏమీ చెప్పకపోవడంలోనే ఆయన గొప్పదనమంతా ఉంది.

అక్కడి ఆచారాల్లో అతి ముఖ్యమైనది గోనెపట్టా. బిగించిన వెనక టైరును బారులు తీరేదాకా ఎవరి కంటా పడనివ్వకుండా గోనెపట్టా కప్పి ఉంచుతారు. ఎవరు ఏది వేశారో తెలిస్తే అందరూ అదే వేసేస్తారని భయం. ఫలితమేమిటంటే, పందేనికి ముందు జట్లు బళ్ళు నిలిపే షెడ్డుల్లో ఒక్కడూ తన టైరు సంగతి ఆలోచించడు. పక్కవాడి గోనెపట్టా కింద ఏముందో అని మెడలు సాచడంతోనే పొద్దు పోతుంది.

వెనకచక్రానికి ఆ ప్రతిష్ఠ ఎలా వచ్చిందో కూడా చెప్పకపోతే కథ కుంటుతుంది. చాలా ఏళ్ళ కిందట, నిప్పులు చెరిగే ఎండలో, డిపో కుర్రవాళ్ళ బండికి ఆయన మెత్తని టైరు వేయించాడు. అందరూ నవ్వారు. మొదటి చుట్టు తిరగకముందే ఎక్కడినుంచో ఒక మబ్బు వచ్చి కుండపోతగా కురిసింది. ఆ బండి గెలిచింది. వానను గోటితో పసిగట్టిన మనిషని ఊరు కోడై కూసింది. ఆ రోజు ఆయన దగ్గరున్నది ఆ ఒక్క టైరే అన్న సంగతి డిపోలో అందరికీ తెలుసు. కానీ పేరనేది ఒకసారి వచ్చాక దాన్ని నిజంతో పాడుచేయడం మర్యాద కాదని అందరూ ఊరుకున్నారు.

అప్పటినుంచి ఆయన వాక్యాలకు ఒక వ్యాకరణం స్థిరపడింది. గెలుపు వాక్యంలో కర్త ఎప్పుడూ టైరే: “టైరు గెలిపించింది.” ఓటమి వాక్యంలో కర్త ఎప్పుడూ నడిపినవాళ్ళే: “పిల్లవాడు పోగొట్టాడు.” ఇన్నేళ్ళ నా బోధనలో ఇంత నిక్కచ్చిగా నియమం పాటించిన విద్యార్థి నాకు తగల్లేదు. ఆయనకు ఇంకో నియమం కూడా ఉండేది. ఒకసారి బిగించిన చక్రాన్ని విప్పకూడదు. తప్పనిసరిగా రెండో రకం టైరు వేసిన చక్రం ఒకటి పక్కన సిద్ధంగా ఉండేది, దాని మీదా ఒక గోనెపట్టా. కానీ దాన్ని ముట్టుకున్న పాపాన ఎవరూ పోలేదు.

ఆయనకొక్కతే కూతురు. నేల మీద కాలు నిలవని పిల్ల అని చిన్నప్పుడే మేం తూనీగ అని పేరు పెట్టాం. తండ్రికి మోటారు సైకిలంటే ఎంత భయమో కూతురికి అంత ఇష్టం. ఆయన వద్దనలేదు. “వెనక టైరు నేను చూసుకుంటా, మిగతాది నువ్వు చూసుకో,” అన్నాడట. మిగతాది అంటే బండీ, బాటా, ప్రాణమూ.

పిల్ల బాగా నడిపేది. ఎంత బాగా అంటే, తండ్రి టైరు తప్పినప్పుడు కూడా రెండో స్థానమో మూడో స్థానమో తెచ్చేది. “ఇంకాస్త సరిగ్గా నడిపితే గెలిచేదానివి,” అనేవాడు తండ్రి. ఆ పిల్ల శిరస్త్రాణం తీసి, చెమట తుడుచుకుని, “అవును నాన్నా,” అనేది. అలాంటి ‘అవును’లు నేను తరగతి గదిలో చాలా విన్నాను. మనసులో ‘కాదు’ ఉన్న పిల్లలే ఆ మాటను అంత స్పష్టంగా పలుకుతారు.

ఇలా ఉండగా ఒక పెద్ద జట్టు కన్ను ఆమె మీద పడింది. ఆ ఏటి ఆఖరి పందెం గెలిచినవాళ్ళకి తమ జట్టులో చోటిస్తామని చెప్పి మేనేజరును పంపారు. పొట్టి జుట్టూ, తక్కువ మాటలూ ఉన్న ఆవిడ షెడ్డుకి వచ్చి అన్నీ వివరించింది. బండి వాళ్ళదే, ప్రయాణాలు వాళ్ళవే. చివర్లో మా తోడల్లుడి వైపు తిరిగి, ఆయన మేలు కోరినట్టే చెప్పింది: “టైర్ల బెంగ కూడా మీకుండదండీ. మా ఇంజినీర్లు చూసుకుంటారు.”

ఆయన తల ఊపాడు. ఆ రోజు ఇంటికి వచ్చాక బల్ల మీదున్న రొట్టెను కూడా నొక్కకుండా తిన్నాడని మా మరదలు నాతో చెప్పింది.

గెలిస్తే కూతురు పెద్ద జట్టుకి వెళుతుంది. వెళితే ఆమె వెనక చక్రం మీద ఇక ఆయన గోరు ఆనదు. ఆఖరి పందెం నాటికి మా ఇళ్ళలో ఈ సంగతి ఎరగనివాళ్ళు లేరు, పైకి అన్నవాళ్ళూ లేరు.

ఆ రోజు నేనూ వెళ్ళాను. పొద్దుటినుంచీ ఎండ కాసింది. తొలి విడత పందేలతో బాట నల్లగా మెరిసేటంత గట్టిపడింది. తూనీగ తన విడత అనాయాసంగా గెలిచి ఫైనలుకు చేరింది. అప్పుడు మా తోడల్లుడు బాట మీదికి నడిచి, మట్టి ముద్ద జారవిడిచి, చూసి, షెడ్డుకి వచ్చి గట్టి టైరున్న చక్రం బిగించి, గోనెపట్టా కప్పాడు. అప్పటికి అది సబబైన ఎంపికే. నిపుణులు కూడా అప్పుడప్పుడూ సరైన నిర్ణయమే తీసుకుంటారు. చిక్కంతా ఆ తర్వాత లోకం మారినప్పుడే వస్తుంది.

లోకాన్ని మార్చినవాడు మా బావమరిది. ఆ మైదానంలో నీళ్ళ టాంకరు నడిపేది అతనే, మా ఆడవాళ్ళిద్దరికీ తమ్ముడు. తల తుడుచుకుంటూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

“బావా, ప్రేక్షకులు దుమ్ము దుమ్మని గోల పెడుతున్నారంట. ఫైనలుకి ముందు ఇంకోసారి నీళ్ళు కొట్టమన్నారు. రెండు టాంకులు.”

“కొట్టుకో,” అన్నాడు వెనకచక్రం.

“కొట్టుకోక నీ అనుమతికి వచ్చాననుకున్నావా? ఎండ కూడా గ్యాలరీ వెనక్కి పోయింది. ఆరదు, చెప్తున్నా. మేనకోడలి పందెం కాబట్టి చెప్పడానికొచ్చా. మిగతా షెడ్లవాళ్ళకీ ఇదే చెప్పా, మళ్ళీ పక్షపాతం అంటారు.”

“నువ్వు నీళ్ళు పోసేవాడివి. నేల సంగతి నేలే చెబుతుంది నాకు.”

“అయితే నేలనే అడుగు బావా. తడిసినాక దానికీ జలుబు చేసి గొంతు రాదు,” అని అతను వెళ్ళిపోయాడు.

టాంకరు తిరిగింది. మెరుస్తున్న నలుపు ముదురు గోధుమరంగుకు మారింది. చల్లటి మట్టివాసన షెడ్డుల్లోకి వచ్చింది. చుట్టూ ఉన్న షెడ్డుల్లో పానాలు చప్పుడు చేశాయి. జరుగుతున్నది గోనెపట్టాల చాటునే అయినా, తడి నేలకు అందరూ మెత్తని టైర్లు వేస్తున్నారని నాలాంటివాడికి కూడా అర్థమైంది. మా తోడల్లుడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

తూనీగ బండి దగ్గరకు వచ్చి, గోనెపట్టా కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది.

“నాన్నా, ఇది గట్టిది.”

“నాకు తెలుసు.”

“తడిపేశారు కదా.”

“ఆరుతుంది.”

“ఎండ లేదు నాన్నా.”

“నువ్వు నడపడం చూసుకో,” అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.

ఆ పిల్ల ఆ రోజు ‘అవును నాన్నా’ కూడా అనలేదు. శిరస్త్రాణం ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్కనున్న డబ్బా మీద కూర్చుంది. ఇన్నేళ్ళూ ఫ్లాస్కులో టీ తేవడం తప్ప ఆ షెడ్డులో ఒక్క మాటా మాట్లాడని మా మరదలు, అప్పుడు టీ పోస్తూనే, పోయడం ఆపకుండా అడిగింది.

“ఏమండీ, ఒక్క మాట. అది గెలవాలని మీకుందా, లేదా?”

గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది. ఆయన కప్పు అందుకున్నాడు. తాగలేదు. ఆవిడను చూశాడు, నన్ను చూశాడు. నేను పక్కనున్న నూనె డబ్బా మీది అక్షరాలు శ్రద్ధగా చదవసాగాను. దాని మీద ఒక ఒత్తు తప్పుంది గాని, సమయం కాదని ఊరుకున్నాను.

ఆయన కప్పు కింద పెట్టి, పానా తీసుకుని, వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“మెత్తది ఇటు దొర్లించు,” అన్నాడు కూతురితో.

ఇరుసు నట్టు విప్పాడు, చైను జారవిడిచాడు. చక్రం ఊడదీశాడు. అలవాటు బలమైనది కాబట్టి తీసినదాని మీదా గోనెపట్టా ఉంది, వేస్తున్నదాని మీదా గోనెపట్టా ఉంది. షెడ్డు తలుపు మాత్రం తెరిచే ఉంది. వెనకచక్రం బిగించిన చక్రాన్ని విప్పుతున్నాడన్న వార్త ఆ మైదానమంతా పాకడానికి ఆయన నట్టు విప్పినంతసేపు కూడా పట్టలేదు.

మీటరాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొందరు. వాళ్ళ గుసగుసలు నాకు స్పష్టంగానే వినిపించాయి.

“ముందేం వేశాడంటావ్?”

“తడి నేలకి మెత్తదే వేసుంటాడు. ఇంకేం వేస్తాడు, ఆయనేమన్నా పసిపిల్లాడా?”

“మరి ఇప్పుడు మారుస్తున్నాడంటే?”

“గట్టిది వేస్తున్నాడన్నమాట.”

“తడి నేలకా?”

“తడి పైపైనే అయ్యుంటుందయ్యా. టాంకరు ఎవరిదనుకున్నావ్, స్వయానా బావమరిదిది. ఇందాక వచ్చి చెవిలో ఊది వెళ్ళలేదూ?”

మీటరాయన తన మీటరు వైపు ఒకసారి చూశాడు. అది ఎప్పటిలాగే ఏమీ చెప్పలేదు. “నడవండి,” అన్నాడు. అందరూ పరుగు లంకించుకున్నారు.

పరీక్ష గదిలో, తాను రాసిన సరైన జవాబును పక్కవాడి కాగితం చూసి కొట్టేసే పిల్లల్ని నేను ఏటా చూసేవాణ్ణి. ఆ పక్కవాడు అప్పుడే తన తప్పు దిద్దుకుంటున్నాడని వాళ్ళకు తెలియదు. వాళ్ళను మందలించాలని ఎన్నోసార్లు అనుకున్నాను గాని, కాపలా ఉన్నవాడు నోరు విప్పకూడదని నియమం. ఇప్పుడు వాళ్ళంతా ఎక్కడెక్కడ ఏ పనుల్లో ఉన్నారో తెలియదు. బహుశా ఎవరినో చూసి బాగానే స్థిరపడి ఉంటారు.

ఈల వేశారు. బళ్ళు బారులు తీరాయి. గోనెపట్టాలు తీశారు. ఒక్క బండికి మెత్తని టైరు, మిగిలిన బళ్ళన్నింటికీ గట్టివి. పోటీదారులు తలలు తిప్పి చూసుకున్నారు. ఒకరిద్దరు ఏదో అరిచారు కూడా. కానీ బారు తీరాక మార్చడానికి వీల్లేదు. జెండా దిగింది.

పందెం గురించి చెప్పడానికి నాకు మాటలు చాలవు. తడి మట్టి మీద తక్కినవాళ్ళు సంతలో అరటితొక్క తొక్కినట్టు జారుతుంటే, తూనీగ గీత గీసినట్టు తిరిగింది. మీటరాయన జట్టు కుర్రవాడు మాత్రం ఆ జారుడు టైరుతోనే ఎంతో నేర్పుగా ఆమెను చివరిదాకా వెంటాడాడు. ఆమె గెలిచింది. పొట్టి జుట్టు మేనేజరు కిందికి దిగివచ్చి ఆమెతో చెయ్యి కలిపింది.

మా తోడల్లుడి చుట్టూ ఎంపికదారులంతా మూగారు.

“ఏం దెబ్బ కొట్టారు గురువుగారూ. అందరి ముందూ విప్పినట్టు విప్పి, అదే మళ్ళీ బిగించారు కదా,” అన్నాడు మీటరాయన. ఆ గొంతులో ఏడుపు ఎంతో, భక్తీ అంతే ఉంది.

“లేదు,” అన్నాడాయన. “నేను గట్టిది వేశాను. తప్పు వేశాను. మా ఇంటావిడ అడిగితే మార్చాను.”

అందరూ ఒక్కసారిగా నవ్వారు.

“చూశారా, గెలిచాక కూడా చెప్పడు.”

“ఇంటావిడ అడిగిందట. ఎంత కథ అల్లాడు.”

“నిజమే చెబుతున్నానయ్యా. టైరు విషయంలో నేను పొరబడ్డాను. గెలిచింది పిల్ల,” అన్నాడు మళ్ళీ.

ఆయన నోట ఆ రెండు వాక్యాలూ వినగలనని నేను ఏనాడూ అనుకోలేదు. ఇన్నేళ్ళ నియమం విరిగి కర్త మారిన ఆ క్షణంలో, పాత అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులో ఎర్ర కలం కోసం వెతికింది. కానీ ఆ మాటలు విన్నవాళ్ళెవరూ నమ్మలేదు. అబద్ధంతో వచ్చిన పేరును అంతమంది కలిసి మోశారు. నిజం మోయడానికి మాత్రం ఒక్కడూ భుజం ఇవ్వలేదు. ‘గోనెపట్టా ఎత్తు’ అని దానికి పేరు పెట్టి, వచ్చే ఏడు ఎలా వాడాలో అక్కడికక్కడే చర్చ మొదలుపెట్టారు.

తూనీగ కొత్త జట్టుతో వెళ్ళింది. ఆమె మొదటి పందేనికి మేం ముగ్గురం గ్యాలరీలో టిక్కెట్టు మీద కూర్చున్నాం, ఒక పక్క మా మరదలు, ఒక పక్క నేను, నడుమ ఆయన. షెడ్డులోకి వెళ్ళే వీలు లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఏ టైరు వేశారో ఇంత దూరంనుంచి కనబడదు కదా అని నేను పరామర్శగా అన్నాను. ఆయన వినిపించుకోలేదు. బళ్ళు కదిలాయి. ముందు వరుసలోనే వచ్చిన తూనీగ మలుపు దగ్గర బండిని పూర్తిగా వాల్చి, ఎడమకాలు చాచి నేల మీద ఆనించి, మట్టి చిమ్ముకుంటూ తిరిగింది.

ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“అన్నయ్యా, కాలు కింద పెట్టిందేమిటి? పడబోయిందా?”

నాకూ తెలియదు. ఇన్నేళ్ళూ ఆయన టైరు వైపు చూస్తే, నేను ఆయన వైపు చూశాను.

“అలాగే నడపాలండీ,” అంది మా మరదలు, బాట మీదనుంచి కళ్ళు తిప్పకుండా. “మలుపుల్లో ఆ కాలి మీదే ఆనుకుంటారు. అందుకే బూటు కింద ఇనప రేకు. మొదట్నుంచీ అది అలాగే నడుపుతోంది.”

“కాలు నొప్పి పుట్టదూ?”

“పుడుతుంది. పందెమైన మర్నాడు కుంటుతుంది కదా, ఇంట్లో చూడలేదా మీరు?”

తూనీగ మళ్ళీ ఆ మలుపు దగ్గరికి వస్తోంది. ముందు కూర్చున్నవాళ్ళ తలలు అడ్డొస్తున్నాయని ఆయన లేచి నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో కూర్చోమని కసురుకున్నా కూర్చోలేదు.